పికప్‌కీ ఆంప్‌కీ నడుమ: గిటారు కేబుల్ మీద అనుభవ పాఠాలు

గిటారు నేర్చుకునే పిల్లలు నన్ను అడిగే ప్రశ్నల్లో "ఏ కేబుల్ కొనమంటారు మాస్టారూ?" అన్నది తప్పకుండా ఉంటుంది. గిటారు మీద, పెడల్స్ మీద వేలకు వేలు పెట్టినవాళ్ళు కూడా కేబుల్ దగ్గరికి వచ్చేసరికి రెండు తోవలు పడతారు. కొందరు షాపువాడు చేతిలో పెట్టింది తెచ్చేసుకుంటారు. కొందరు నాలుగు వీడియోలు చూసి, అప్పు చేసి మరీ ఫారిన్ కేబుల్ తెప్పిస్తారు. వీళ్ళూ వాళ్ళూ కూడా కంపెనీ పేరు చెప్పమనే అడుగుతారు. నేను తిరిగి మూడు సంగతులు అడుగుతాను: గిటారులో ఉన్న పికప్ ఏది, దాని నుంచి వైరు మొదట వెళ్ళేది ఏ పెట్టెలోకి, మొత్తం ఎన్ని మీటర్లు కావాలి. ఈ మూడూ తెలిశాక కంపెనీ పేరుతో పెద్దగా పని ఉండదు. ఆర్కెస్ట్రాల్లో, చర్చి బ్యాండ్లలో వాయిస్తూ, మిగతా పొద్దంతా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చుంటూ నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. కేబుల్ పికప్‌లో భాగం

మొట్టమొదట తెలియాల్సింది ఇదే, చాలామందికి ఎవరూ చెప్పనిదీ ఇదే. సిగ్నల్‌ను ఇక్కణ్ణుంచి అక్కడికి చేరవేయడంతో కేబుల్ పని అయిపోతుందని అనుకుంటాం. మామూలు పికప్ ఉన్న ఎలక్ట్రిక్ గిటారు విషయంలో అది నిజం కాదు.

స్ట్రాటోకాస్టర్ పికప్‌ను విప్పి చూస్తే అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ ఎనిమిది వేల చుట్ల దాకా కనిపిస్తుంది. అన్ని చుట్లున్న కాయిల్‌కి ఇండక్టెన్స్ బాగా ఎక్కువ, సుమారు రెండున్నర హెన్రీలు. ఇక కేబుల్‌ను కోసి చూడండి. నడుమ రాగి తీగ, దాని మీద ప్లాస్టిక్ తొడుగు, ఆ పైన అల్లిన రాగి షీల్డ్. రెండు లోహాల మధ్య విద్యుత్తు పారని పదార్థం ఉంటే అది కెపాసిటరే. అంటే గిటారుకు కేబుల్ గుచ్చిన క్షణంలో కాయిల్‌కి పక్కన ఒక కెపాసిటర్ చేరుతుంది. కాయిల్, కెపాసిటర్ కలిశాయంటే ఒక అనునాదం పుడుతుంది. ఆ అనునాదం ఉన్నచోట శబ్దం కొంచెం పైకి లేస్తుంది, అది దాటాక ట్రెబుల్ గబగబా పడిపోతుంది. మనం "ఈ గిటారు మెరుస్తోంది", "ఇది మెత్తగా ఉంది" అనే మాటల్లో చాలాభాగం ఈ అనునాదం ఎక్కడ కూర్చుందన్న దాని గురించే.

లెక్క వేసి చూపిస్తాను. మీటరుకు 130 పికోఫారడ్‌లు ఉన్న కేబుల్ తీసుకుందాం. పికప్‌లో సొంతంగా ఉండే కెపాసిటెన్స్ మరో 100 అనుకుందాం. 3 మీటర్ల కేబుల్‌తో అనునాదం సుమారు 4,500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 6 మీటర్లకు 3,400కి దిగుతుంది. 9 మీటర్లకు 2,800. మనిషి చెవి చాలా చురుగ్గా వినే మేర సరిగ్గా ఇదే, రెండు వేల నుంచి ఐదు వేల హెర్ట్జ్. ఒకే గిటారు, ఒకే ఆంప్, ఒకే చెయ్యి. మీటర్లు మారేసరికి గొంతు మారుతుంది. ఇది వినిపించే తేడా. అనుమానం ఉన్నవాళ్ళు 3 మీటర్లదీ 9 మీటర్లదీ తెచ్చి, ఆంప్‌ను క్లీన్‌లో పెట్టి, సన్న తీగల మీద ఒక కార్డ్ కొట్టి చూడొచ్చు.

2. షాపులో అడగాల్సిన అంకె

కాబట్టి కేబుల్ కొనేటప్పుడు అడగాల్సింది మీటరుకు ఎన్ని పికోఫారడ్‌లు అని. మంచి కంపెనీలు ఈ అంకెను దాచవు. మొగామి 2524 వైరుకు మీటరుకు 130. కనారే జిఎస్-6కి 160. జర్మనీ కంపెనీ సోమర్ అమ్మే స్పిరిట్ ఎల్ఎల్ఎక్స్‌కి 52. మూడూ పేరున్న వైర్లే, మూడూ గట్టివే, అయినా వాటి మధ్య మూడు రెట్ల తేడా ఉంది. 3 మీటర్ల కనారేలో 480 పికోఫారడ్‌లు ఉంటే 9 మీటర్ల సోమర్‌లో 468. అంటే ట్రెబుల్ విషయంలో ఆ రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. "పొడుగు కేబుల్ మంచిది కాదు" అనే మాట సగమే నిజమని ఇక్కడ తెలుస్తుంది.

అట్ట మీద అంకె లేదా? కెపాసిటెన్స్ చూపే మల్టీమీటర్ జేబులో వేసుకుని వెళ్ళండి. ముందు మీటరు వైర్లను ఉత్తిగా గాల్లో పట్టుకుని అది చూపే అంకె గుర్తుపెట్టుకోండి. తర్వాత కేబుల్‌కి ఒక వైపు పిన్ కొనకు ఒక ప్రోబ్, పిన్ ఒంటికి ఇంకో ప్రోబ్ ఆనించండి. రెండో చివర దేనికీ తగలకుండా వదిలేయాలి. వచ్చిన దాంట్లోంచి మొదటి అంకె తీసేస్తే కేబుల్ కెపాసిటెన్స్ వస్తుంది. 0.78 నానోఫారడ్ అని చూపిస్తే 780 పికోఫారడ్‌లు అని అర్థం. పొడవుతో భాగిస్తే మీటరు లెక్క తేలుతుంది. ఊరూ పేరూ లేని కేబుళ్ళలో మీటరుకు 200 దాటినవి నాకు తగిలాయి. ధర తక్కువైనా 100 లోపున్నవీ తగిలాయి. ధర చూసి ఈ అంకెను ఊహించలేం.

3. ట్రెబుల్ ఎంత ఉంటే అంత మంచిదని కాదు

తక్కువ కెపాసిటెన్స్ అనగానే పిల్లలు అదే "మంచి" కేబుల్ అని తీర్మానించుకుంటారు. తొందరపడొద్దు. జిమీ హెండ్రిక్స్ స్టేజీ ఫొటోలు చూడండి. స్ప్రింగులా చుట్టలు తిరిగిన కేబుల్ కనిపిస్తుంది. అందులో సాగదీసిన పొడవు కన్నా లోపలున్న వైరు ఎంతో ఎక్కువ, కాబట్టి కెపాసిటెన్స్ కూడా ఎక్కువ. స్ట్రాట్ బ్రిడ్జ్ పికప్‌లో ఉండే గీసినట్టుండే పదును ఆ వైరు దాటేసరికి గుండ్రబడుతుంది. పెద్ద మార్షల్ ఆంప్‌లు గట్టిగా మోగుతున్నప్పుడు ఆ గుండ్రదనం ఎంత పనికొస్తుందో వాయించినవాళ్ళకి తెలుసు. 1960లలో రికార్డయిన గిటారు శబ్దాన్ని ఇష్టపడి, దాన్ని నేటి అతి తక్కువ కెపాసిటెన్స్ కేబుల్‌తో వెతుక్కునేవాళ్ళకి అది ఎందుకో దొరకదు. కారణాల్లో ఇదొకటి.

టెలికాస్టర్ వాయించే ఒకబ్బాయి మొన్నీమధ్య "బ్రిడ్జ్ పికప్ చెవులు కోస్తోందండీ, పికప్ మార్చేయనా?" అని అడిగాడు. పికప్ జోలికి వెళ్ళొద్దని చెప్పి, అతని కేబుల్ పిన్ విప్పి, కొనకూ ఒంటికీ మధ్య 470 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ ఒకటి సోల్డర్ చేసి ఇచ్చాను. రూపాయో రెండు రూపాయలో దాని ఖరీదు. మూడున్నర మీటర్ల వైరు అదనంగా కలిపినట్టే అది. వాయించి చూసి, పికప్ మార్చే ఆలోచన మానుకున్నాడు. అంటే కేబుల్‌తో ట్రెబుల్ తగ్గించుకోవడం చాలా తేలిక. వైరు తినేసిన అనునాదాన్ని ఆంప్ మీద ట్రెబుల్ నాబ్ తిప్పి వెనక్కి తెచ్చుకోవడం మాత్రం కుదరదు, ఎందుకంటే ఆ నాబ్ మొత్తం పైభాగాన్ని, దాంతోపాటు హిస్ శబ్దాన్నీ పెంచుతుంది. అందుకే నా సలహా: తక్కువ కెపాసిటెన్స్ వైరు కొనుక్కుని, అవసరమైతే కెపాసిటర్ కలుపుకోండి.

4. కేబుల్‌ను వాల్యూమ్ సగంలో పెట్టి వినండి

కొత్త కేబుల్‌ను అందరూ గిటారు వాల్యూమ్ పదిలో పెట్టి వింటారు. అసలు పరీక్ష వాల్యూమ్ తగ్గించినప్పుడు. నాబ్ తగ్గించేకొద్దీ కేబుల్‌కి ముందు పెద్ద రెసిస్టెన్స్ వచ్చి చేరుతుంది. సింగిల్ కాయిల్ గిటార్లలో వాల్యూమ్ నాబ్ కింద సాధారణంగా ఉండే 250 కిలో ఓమ్‌ల పాట్‌ను సిగ్నల్ సగమయ్యే చోటికి తెస్తే కేబుల్‌కి ముందు 60 కిలో ఓమ్‌లకు పైగా నిలుస్తాయి. 780 పికోఫారడ్‌ల కేబుల్‌తో అది 3,300 హెర్ట్జ్ దగ్గర్నుంచే ట్రెబుల్‌ను కోయడం మొదలుపెడుతుంది. రెండు కాయిల్స్ కలిపిన హంబకర్ పికప్ ఉన్న గిటార్లలో పాట్ 500 కిలో ఓమ్‌లు కాబట్టి ఈ కోత ఇంకా కింద, 1,600 దగ్గరే మొదలవుతుంది. పాట మధ్యలో, పాడేవాళ్ళు అందుకోగానే గిటారు తగ్గిస్తాం కదా, అప్పుడు దుప్పటి కప్పినట్టయ్యేది అందుకే.

దీనికి మందు రెండు రకాలు. తక్కువ కెపాసిటెన్స్ కేబుల్ ఒకటి. వాల్యూమ్ పాట్ మీద ట్రెబుల్ బ్లీడ్ పెట్టించుకోవడం ఇంకొకటి: 1000 పికోఫారడ్ కెపాసిటర్, దానికి సమాంతరంగా 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్, రెండూ కలిపి పాట్ ఇన్‌పుట్ కాలుకూ నడిమి కాలుకూ మధ్య. వాల్యూమ్ నాబ్‌తో వాయించే అలవాటున్నవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది.

5. మొదటి బఫర్ దాకానే ఈ గొడవంతా

ఇప్పటిదాకా చెప్పినదంతా పికప్ నుంచి మొదటి బఫర్ దాకా ఉన్న వైరుకే వర్తిస్తుంది. బఫర్ అంటే ఎక్కువ ఇంపెడెన్స్‌తో తీసుకుని, తక్కువ ఇంపెడెన్స్‌తో పంపే చిన్న సర్క్యూట్. బాస్ కంపెనీ పెడల్స్‌లో సాధారణంగా అది పెడల్ ఆఫ్‌లో ఉన్నా పనిచేస్తూనే ఉంటుంది. అక్కణ్ణుంచి ముందుకు పది మీటర్లు లాగినా ట్రెబుల్ చెక్కుచెదరదు. అన్నీ ట్రూ బైపాస్ పెడల్స్ (ఆఫ్‌లో సిగ్నల్‌ను నేరుగా వదిలేసేవి) అయితే మాత్రం గిటారు కేబుల్, నడుమ ముక్కలు, ఆంప్ దాకా వెళ్ళే కేబుల్ అన్నీ కలిపి ఒక్క పొడుగు వైరు కింద లెక్క. ఆరు మీటర్లూ ఆరు మీటర్లూ పన్నెండు, పైన ముక్కలు. అలాంటి బోర్డు పెట్టుకుని "టోన్ చచ్చిపోయింది" అని వచ్చేవాళ్ళకి ఖరీదైన కేబుల్ అంటగట్టడం అన్యాయం. మొదట్లో ఒక్క బఫర్ పెడితే సరిపోతుంది. ఫజ్ ఫేస్ లాంటి పాత పద్ధతి ఫజ్ పెడల్ ఉంటే దాన్ని మాత్రం బఫర్ కన్నా ముందు పెట్టండి. దానికి నేరుగా పికప్ తగలాలి, లేకపోతే గరగరలాడుతుంది, వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు.

ఇఎంజి లాంటి యాక్టివ్ పికప్‌లు, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో ప్రీఆంప్ ఉన్న ఎలక్ట్రో అకూస్టిక్ గిటార్లు వాయించేవాళ్ళు ఈ పికోఫారడ్‌ల లెక్కలన్నీ మరిచిపోవచ్చు. బఫర్ గిటారులోనే ఉంది. చర్చిలో వాయించే పిల్లలు ఎక్కువమంది దగ్గర ఉండేవి ఇవే. వాళ్ళు టోన్ కోసమని ఖరీదైన కేబుల్ కొంటుంటే నాకు బాధేస్తుంది. ఆ డబ్బుతో గిటారు సిగ్నల్‌ను మైకు కేబుల్‌కి తగ్గట్టు మార్చే మంచి డిఐ బాక్స్ వస్తుంది. గిటారు నుంచి డిఐ దాకా చిన్న కేబుల్, అక్కణ్ణుంచి మిక్సర్ దాకా మైకు కేబుల్ వేసుకుంటే హాలు ఎంత పెద్దదైనా దిగుల్లేదు.

6. రాగి, బంగారం, బాణం గుర్తు

"ఆక్సిజన్ ఫ్రీ కాపర్ అట మాస్టారూ." రాగి మామూలుదైనా మేలురకమైనా 6 మీటర్ల నడిమి తీగ రెసిస్టెన్స్ ఒక ఓమ్ కూడా రాదు. పికప్ కాయిల్‌కే ఆరు వేల ఓమ్‌లు ఉంటుంది. ఆరు వేల పక్కన ఆ ఒక్క ఓమ్ లోపు తేడాను ఏ చెవీ పట్టలేదు.

బంగారు పూత తుప్పు పట్టకుండా ఆపుతుంది. కాకినాడ, భీమిలి లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఆ గుణానికి విలువుంది. కాని పూత పల్చన, రోజూ గుచ్చి తీసే పిన్ మీద తొందరగా అరిగిపోతుంది. నికెల్ పిన్ గట్టిది, అప్పుడప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. శబ్దంలో ఈ రెంటికీ తేడా లేదు. బాణం గుర్తు ఉన్న కేబుళ్ళలో కొన్నిటికి లోపల రెండు తీగలుండి, షీల్డ్‌ను ఒక్క చివరే కలుపుతారు, గుర్తు అందుకోసం. సిగ్నల్ మాత్రం సెకనుకు వందల సార్లు, వేల సార్లు అటూ ఇటూ ఊగేదే, దానికి ఒక దిక్కు లేదు.

7. హమ్ ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసుకోండి, ఎర్త్ పిన్ మాత్రం పీకొద్దు

హమ్మింగ్ రాగానే నింద కేబుల్ మీదే పడుతుంది. పరీక్ష తేలిక. గిటారు వాల్యూమ్ పూర్తిగా సున్నా చేయండి. హమ్ ఆగిపోతే అది పికప్ పట్టుకొస్తున్నది. సింగిల్ కాయిల్ పికప్ చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లు, లైట్ల డిమ్మర్లు వదిలే 50 హెర్ట్జ్ అలలను ఒక చిన్న యాంటెన్నాగా పట్టేస్తుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ పుట్టిందే దీనికోసం: రెండు కాయిల్స్ ఎదురెదురుగా కలిపితే హమ్ కొట్టుకుపోయి పాట మిగులుతుంది. ఏ కేబుల్ కొన్నా సింగిల్ కాయిల్ హమ్ పోదు. వాల్యూమ్ సున్నాలో కూడా హమ్ ఉంటే అప్పుడు కేబుల్ షీల్డ్, ఆంప్, ఎర్తింగ్ చూడాలి.

షీల్డ్ మూడు రకాలు. అల్లినది గట్టిది, బాగా కప్పుతుంది. చుట్టినది మెత్తగా వంగుతుంది, కాని ఎక్కువ మెలితిప్పితే సందులు పడతాయి. రేకు షీల్డ్ గోడలోపల వేసే వైరుకు సరే, స్టేజీ మీద తొక్కుడుకు చిట్లుతుంది. గిటారుకు నేను అల్లినదే వాడతాను.

ఇక ఎర్తింగ్. ఊళ్ళలో షామియానా కింద, జనరేటర్ మీద నడిచే కచేరీల్లో హమ్ తగ్గడానికి ఆంప్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ పీకేయడం నేను చూస్తూనే ఉన్నాను. హమ్ తగ్గుతుంది, నిజమే. కాని గిటారు తీగలు కేబుల్ షీల్డ్ ద్వారా నేరుగా ఆంప్ ఒంటికి కలిసి ఉంటాయి. ఆంప్ లోపల ఎక్కడైనా కరెంటు ఒంటికి తగిలిందా, అది మీ వేళ్ళ కింద ఉన్నట్టే. మైకు ఇంకో లైను మీద, సరైన ఎర్త్‌తో ఉంటుంది. పెదవి మైకుకు తగిలిన క్షణాన కరెంటు మనిషి గుండా దారి చూసుకుంటుంది. 1972లో ఇంగ్లండ్ పక్కన వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వీ స్టేజీ మీదే ఇలాంటి ఎర్తింగ్ లోపంతో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఒక చేత గిటారు, ఇంకో చెయ్యి ఎర్తింగ్ సరిలేని మైకుకు తగిలింది. కొత్త స్టేజీ ఎక్కగానే నేను మొదట చేసే పని ఇది: మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబ్ గిటారు తీగ మీద, ఇంకోటి మైకు జాలీ మీద ఆనిస్తాను. పది ఇరవై వోల్టులు కనిపించినా ఎలక్ట్రీషియన్‌ను పిలిచేదాకా మైకు దగ్గరికి వెళ్ళను, ఎవర్నీ వెళ్ళనివ్వను. నిర్వాహకులు తొందరపెడతారు. పెట్టనివ్వండి. ఆంప్‌కీ మిక్సర్‌కీ మధ్య పుట్టే హమ్‌కి డిఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంది. అది ఆడియో షీల్డ్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

8. కదిపితే మాట్లాడే కేబుల్

కొన్ని కేబుళ్ళను నేల మీద ఈడ్చినా, తొక్కినా, బాక్సుల్లోంచి టపటపమని వినిపిస్తుంది. లోపల ప్లాస్టిక్‌కీ షీల్డ్‌కీ రాపిడి జరిగినప్పుడు పుట్టే విద్యుత్తు అది. మంచి గిటారు కేబుళ్ళలో ఆ రెంటి మధ్య నల్లటి ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. అందులో కార్బన్ కలిసి ఉంటుంది కాబట్టి ఆ విద్యుత్తు పోగుపడకుండా పారిపోతుంది. షాపులోనే ఆంప్‌కి గుచ్చి, గెయిన్ పెంచి, కేబుల్‌ను బల్లకేసి కొట్టి వినండి. షాపువాడు ఏమీ అనుకోడు.

ఈ నల్ల పొర గురించి సొంతంగా పిన్ వేసుకునేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. నడిమి తీగ మీది తొడుగు ఒలిచేటప్పుడు నల్ల పొరను ఇంకా నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి ఒలిచేయాలి. ఆ పొర కరెంటు పారనిస్తుంది. దాని అంచు పిన్ కొనకు తగిలితే సిగ్నల్ కొంత షీల్డ్‌లోకి కారిపోయి శబ్దం నీరసంగా వస్తుంది, కొన్నిసార్లు గరగర వస్తుంది. కంటికి సోల్డరింగ్ శుభ్రంగానే కనిపిస్తుంది కాబట్టి ఈ లోపం పట్టుకోవడం కష్టం. పని పూర్తయ్యాక మల్టీమీటర్‌ను పెద్ద ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి కొనకూ ఒంటికీ మధ్య చూడాలి. ఏమీ చూపించకూడదు. కొన్ని మెగా ఓమ్‌లు చూపించినా సరే, విప్పి మళ్ళీ ఒలవండి.

9. పిన్, సీసం, చెయ్యి

కేబుల్ నడిమధ్యలో తెగడం అరుదు. పిన్ దగ్గర రెండంగుళాల లోపు తెగుతుంది, అదీ గిటారు వైపే ఎక్కువ. అందుకే పిన్ వైరును ఎలా కరిచిపట్టుకుందో చూడాలి. మన బజార్లో పి-38 అని పిలిచే 6.35 మిల్లీమీటర్ల పిన్ పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీ బోర్డుల నుంచి వచ్చింది, ఇన్నేళ్ళుగా రూపం మారలేదు. మారిందల్లా లోపలి పనితనం. న్యూట్రిక్ పిన్‌లో ప్లాస్టిక్ పళ్ళు వైరును చుట్టూ బిగించి పడతాయి. స్విచ్‌క్రాఫ్ట్ దాంట్లో లోహపు నాలుకలను వైరు మీదికి వంచాలి. రెండూ మంచివే. ప్లాస్టిక్ పోసి మూసేసిన పిన్ ఉన్న కేబుల్ మాత్రం కొనకండి, తెగితే విప్పడానికి ఉండదు. స్టేజీ మీద గిటార్లు మార్చేవాళ్ళు ఒక చివర న్యూట్రిక్ సైలెంట్ పిన్ వేయించుకుంటే, పీకినప్పుడు ధడేల్‌మనే శబ్దం ఉండదు.

హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ లాంటి చోట్ల వైరు మీటర్ల లెక్కన, పిన్‌లు విడిగా దొరుకుతాయి. సొంతంగా చేసుకుంటే కొన్నదాంట్లో సగం ధరకే అంతకన్నా గట్టి కేబుల్ వస్తుంది. పిన్ మూతను వైరు మీద ముందే ఎక్కించండి. ఐరన్‌ను పిన్ లోహానికి ఆనించి, అది వేడెక్కాక సీసం అంటించాలి. ఐరన్ మీద సీసం కరిగించి బొట్టు పెట్టడం పద్ధతి కాదు. 63/37 సీసం చల్లారేటప్పుడు మెరుస్తూ గడ్డకడుతుంది. బూడిద రంగుగా, పొక్కులుగా ఉంటే మళ్ళీ వేడి చేయండి. షీల్డ్ అతికేటప్పుడు మరీ ఎక్కువసేపు ఉంచితే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి నడిమి తీగ పక్కకి జరిగి షీల్డ్‌కి తగులుతుంది. మీటరును కంటిన్యుటీలో పెట్టి, పిన్ దగ్గర వైరును అన్ని వైపులకూ వంచుతూ వినండి. బీప్ ఎక్కడా తెగకూడదు.

10. బాక్సు కేబుల్ వేరు

ఆంప్ హెడ్ నుంచి స్పీకర్ బాక్సుకు వెళ్ళేది స్పీకర్ కేబుల్. పిన్‌లు ఒకేలా ఉంటాయి, లోపల వేరు. గిటారు కేబుల్‌ను అక్కడ వాడితే సన్నటి తీగ వేడెక్కుతుంది, ట్యూబ్ ఆంప్ అయితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలే ప్రమాదం ఉంది. స్పీకర్ కేబుల్‌ను గిటారుకు వాడితే షీల్డ్ లేక హమ్ పట్టేస్తుంది. రెంటికీ రెండు రంగుల టేపు చుట్టి పెట్టుకోండి.

11. చుట్టే పద్ధతి

మోచేతికీ బొటనవేలికీ మధ్య గట్టిగా చుట్టేవాళ్ళ కేబుళ్ళు ఏడాదికే గిడసబారిపోతాయి. ప్రతి చుట్టుకూ లోపల మెలి పడుతుంది. సౌండ్ వాళ్ళు చేసినట్టు ఒక చుట్టు పైనుంచి, తర్వాతి చుట్టు కిందనుంచి తిప్పి వేస్తే మెలి విడిపోతుంది, విసిరితే చిక్కుపడకుండా సాగుతుంది. వాయించేటప్పుడు కేబుల్‌ను స్ట్రాప్ లోపలినుంచి తెచ్చి గుచ్చండి, ఎవరైనా తొక్కినా బరువు పిన్ మీద పడదు.

12. కళ్ళు మూసుకుని వినడం

రెండు కేబుళ్ళలో ఏది మంచిదో తేల్చుకోవాలంటే స్నేహితుణ్ణి మార్చమనండి, మీరు గోడవైపు తిరిగి వాయించండి. ఏది గుచ్చాడో చెప్పొద్దనండి. నేను చాలామంది పిల్లల చేత ఇది చేయించాను. 3 మీటర్లకూ 9 మీటర్లకూ తేడా దాదాపు అందరూ పట్టేశారు. మల్టీమీటర్‌లో ఒకే కెపాసిటెన్స్ చూపిన రెండు కేబుళ్ళలో ఖరీదైనది ఏదో వరసగా పట్టినవాళ్ళు నాకింకా కనపడలేదు. డిస్టార్షన్ బాగా పెట్టి వింటే మొదటి తేడా కూడా సన్నబడుతుంది, క్లీన్‌లో వినండి.

13. వైర్‌లెస్ వేసుకున్నా

ఇప్పుడు చాలామంది వైర్‌లెస్‌కి మారుతున్నారు. మారిన మొదటి రోజే "గిటారు గాజు పెంకులా వినిపిస్తోంది" అని ఫోన్ చేస్తారు. అది వైర్‌లెస్ లోపం కాదు. ఇన్నాళ్ళూ పికప్ పక్కన ఉన్న ఏడెనిమిది వందల పికోఫారడ్‌లు ఒక్కసారిగా పోయాయి, అనునాదం పైకి ఎగబాకింది. ఈ సంగతి తెలిసే బాస్ డబ్ల్యుఎల్-50 లాంటి వాటిలో కేబుల్ టోన్ అని ఒక స్విచ్ పెట్టారు, చిన్న కేబుల్, పొడుగు కేబుల్ అని ఎంచుకోవచ్చు. ఆ స్విచ్ లేని వైర్‌లెస్ ఉంటే, ట్రాన్స్‌మిటర్ దాకా వెళ్ళే చిన్న వైరు పిన్ విప్పి 680 పికోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేయండి. ఎక్కువనిపిస్తే 470కి తగ్గించండి, మెత్తదనం ఇంకా చాలదనిపిస్తే 820కి వెళ్ళండి.